ఎర్ర గుర్తు పడని తప్పు

ఒంగోలు చెస్ టోర్నమెంటు నాలుగో రౌండులో ఒక పదకొండేళ్ల పాప చేతిలో ఓడిపోయాను. ఒక్కొక్కరికి 90 నిమిషాలు, ఎత్తుకు 30 సెకన్లు కలిసే ఆట. నాలుగు గంటలు నడిచింది. చివరికి బోర్డు మీద మూడే మిగిలాయి. ఆ పాప రాజు ఇ5లో, బంటు ఇ6లో, నా రాజు ఇ7లో (అక్షరం నిలువు వరసకు, అంకె అడ్డ వరసకు గుర్తు). ఎత్తు నాది. రాజును తిన్నగా వెనక్కి ఇ8లోకి తీస్తే డ్రా, పక్కకు తీస్తే ఓటమి. చెస్ మొదలుపెట్టిన ఏడాదిలోపే నేర్చుకునే సంగతి ఇది. నేనే ఎంతమంది పిల్లలకో చెప్పాను. అయినా డి8కి తీశాను. పాప వెంటనే తన రాజును డి6కి తెచ్చి నాకు ఎదురుగా నిలబెట్టింది. ఇంకో రెండెత్తులు ఆడి చెయ్యి కలిపాను.

హాలు బయట మెట్ల దగ్గర మా కావలి వాళ్లిద్దరు, పాప వాళ్ల నాన్న, ఇంకొంతమంది చేరారు. అందరిదీ ఒకటే మాట. "ఇ8 అయితే డ్రా గదన్నా, అట్టెట్టా వేశావు?" నేనూ అవునన్నాను. ఆ పాప మాత్రం ఎత్తులు రాసుకునే స్కోరుషీటు తిరగేసి నలభై రెండో ఎత్తు మీద వేలు పెట్టింది. "అంకుల్, ఇక్కడ రూక్స్ ఎందుకు ఎక్స్‌చేంజ్ చేశారు? మీరు చెయ్యరనుకున్నా."

నా దగ్గర జవాబు లేదు. "ఏమోనమ్మా, భయమేసింది" అన్నాను. ఆలోచించి అన్నది కాదు, నోటికి వచ్చేసింది. పాప తలూపి వాళ్ల నాన్నతో నీళ్లు తాగడానికి వెళ్లిపోయింది. ఆ మాట మాత్రం నన్ను వదల్లేదు.

కావలి బస్సెక్కి ఫోను తీశాను. ఎత్తులన్నీ లీచెస్ అనే చెస్ సైటులో ఎక్కిస్తే, రెండు నిమిషాల్లో స్టాక్‌ఫిష్ అనే ఇంజన్, అంటే ఎత్తులు లెక్కగట్టే ప్రోగ్రాము, అంతా చెప్పేస్తుంది. టంగుటూరు టోల్‌గేటు దాటేదాకా ఫోను చేతిలోనే ఉంది, తెరవలేదు. తర్వాత దాన్ని జేబులో పెట్టేసి స్కోరుషీటు వెనకవైపు పెన్నుతో రాయడం మొదలుపెట్టాను. ఏ ఎత్తు సరైనది అని కాదు. ఏ ఎత్తు దగ్గర నా మనసులో ఏముంది అని. ఉలవపాడు వచ్చేసరికి ఆ కాగితం నిండింది.

మన ఆటలను మనం మళ్లీ చూసుకోవాలని చెస్ నేర్పే ప్రతివాళ్లూ చెబుతారు. అందులో కొత్తేమీ లేదు. కానీ ఇప్పుడు మనం "చూసుకోవడం" అంటున్నది నిజానికి ఇంజన్ చూసిన దాన్ని మనం చూడటం. ఇంజన్ తప్పు ఎత్తును చూపిస్తుంది. ఆ ఎత్తు వెనక ఉన్న ఆలోచన మన దగ్గర తప్ప ఇంకెక్కడా ఉండదు, మన దగ్గరైనా ఆ రాత్రి దాకానే ఉంటుంది. అందుకే ముందు పెన్ను, తర్వాతే ఇంజన్ అంటాను. ఈ వరస మారితే చూసుకున్నా చూసుకోకపోయినా ఒకటే అని నాకు గట్టిగా అనిపిస్తోంది. దీనికి ఎదురు చెప్పేవాళ్లున్నారు, నాకూ అనుమానాలున్నాయి. వాటితో సహా రాస్తాను.

రెండు ఎర్ర గుర్తులు

ఇంటికొచ్చి అన్నం తిన్నాక ఇంజన్ పెట్టాను. పెద్ద తప్పు ఎత్తుకు అది ఎర్ర గుర్తు పెడుతుంది. నా వైపు రెండు పడ్డాయి. ఒకటి చివర్లో వేసిన డి8. రెండోది ఆ పాప వేలు పెట్టిన నలభై రెండో ఎత్తు.

ఆ స్థితి ఇదీ. ఇద్దరికీ చెరో ఏనుగు. (హాల్లో పిల్లలందరూ రూక్ అంటారు. మా తాత దగ్గర నేర్చుకున్నవాణ్ని కనుక నాకు ఏనుగే వస్తుంది.) పాపకు నాలుగు బంట్లు, నాకు మూడు, అన్నీ రాజు వైపే. నా బంట్లు ఎఫ్7, జి6, హెచ్5 గడుల్లో పుస్తకాల్లో చెప్పినట్టే ఉన్నాయి. అన్నీ ఒకే వైపు ఉండే ఈ నాలుగు-మూడు బంట్ల ఏనుగుల ముగింపు ఓపిగ్గా కాచుకుంటే మామూలుగా డ్రా అవుతుంది. ఏనుగులు రెండూ వెళ్లిపోతే మాత్రం ఆ ఒక్క బంటు ఎక్కువ ఉన్నవాళ్లకు సాధారణంగా గెలుపే. నాకిది తెలుసు. అయినా నా ఏనుగును తీసుకెళ్లి పాప ఏనుగుకు ఎదురుగా పెట్టాను. తర్వాత పాప ఒకచోట తడబడింది కాబట్టి చివర్లో ఆ ఇ8 అవకాశమైనా వచ్చింది.

"ఏనుగుల మార్పిడి తప్పు. రాజును ముందుకు తేవాలి." ఇంజన్ చెప్పింది ఇంతే. నిజమే, కానీ ఇందులో నేను నేర్చుకునేది ఏముంది? నాకు తెలిసిందే అది. బస్సులో రాసుకున్న కాగితంలో నలభై రెండో ఎత్తు పక్కన ఇలా ఉంది: "మూడు గంటలు దాటింది. పాప ఏనుగు ఎప్పుడు ఏ చెక్ ఇస్తుందోనని ప్రతి ఎత్తుకూ చూసుకోవాలి. ఏనుగులు పోతే ఈ బాధ పోతుంది. రాజులు, బంట్లయితే లెక్కపెట్టుకోవచ్చు." లెక్క మాత్రం పెట్టలేదు. లెక్కపెట్టుకోవచ్చు అని అనుకుని ఊరుకున్నాను.

పక్కనే గడియారం అంకె కూడా ఉంది. స్కోరుషీటు మీద ఎత్తులు, గడియారంలో మిగిలిన టైము, డ్రా అడిగినట్టు గుర్తు, ఇలాంటివి తప్ప ఆట మధ్యలో ఇంకేమీ రాసుకోవడానికి ఫిడే (ప్రపంచ చెస్ సమాఖ్య) నియమాలు ఒప్పుకోవు. కానీ టైము రాసుకోవచ్చు. ప్రతి ఎత్తుకూ రాయడం నాకు అలవాటు. ఆ ఏనుగు ఎత్తుకు నేను వాడింది ఒక నిమిషం కూడా లేదు. అంతకుముందు ఒక మామూలు బంటు ఎత్తుకు ఏడు నిమిషాలు కూర్చున్నాను.

మా తాత అడిగే ప్రశ్న

మా ఊళ్లో సాయంత్రం పూట అరుగు మీద చదరంగం ఆడేవాళ్లు. పాత పద్ధతి ఆట. బంటు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే కదులుతుంది, రాజు ఒక్కసారి గుర్రంలా దూకొచ్చు. స్కోరుషీటు లేదు, గడియారం లేదు. నేను ఓడిపోయి లేవబోతే తాత భుజం మీద చెయ్యేసి కూర్చోబెట్టేవాడు. "యాడ పోయిందిరా ఆట?" అని అడిగేవాడు. నేను ఏదో ఒక ఎత్తు చెబితే, పావులన్నీ మళ్లీ ఆ స్థితికి పేర్చేవాడు, అదీ జ్ఞాపకం మీదనే. పేర్చాక ఆయన అడిగే రెండో ప్రశ్న నాకిప్పటికీ చెవిలో ఉంది. "అప్పుడు ఏమనుకున్నావు?"

అప్పట్లో నాకది విసుగు. ఎత్తు తప్పని తేలిపోయాక ఏమనుకుంటే ఏంది? సరైన ఎత్తు ఏదో చెబితే పోతుంది గదా అనిపించేది. ఆయన సరైన ఎత్తు చెప్పేవాడు కాదు. చాలాసార్లు ఆయనకూ తెలిసి ఉండకపోవచ్చు. చెస్ ఆటగాడిగా ఆయన ఎంతవాడో నేను చెప్పలేను. కానీ అడగాల్సింది ఆయనే అడిగాడు. నేను స్టాక్‌ఫిష్ వాడుతున్న ఇన్నేళ్లలో అది నన్ను ఆ ప్రశ్న ఒక్కసారీ అడగలేదు, అడగడం దాని వల్ల కాదు కూడా.

శనివారం సాయంత్రాలు మా ఇంట్లో ఆరేడుగురు పిల్లలకు చెస్ చెబుతాను. మొదట్లో వాళ్ల ఆటలు కూడా ఫోనులో పెట్టి గుర్తులు చూపించేవాణ్ని. ఒకరోజు తొమ్మిదేళ్ల పిల్లాడు మంత్రిని ఊరికే పోగొట్టుకున్నాడు. ఫోనులో ఆ గడి ఎర్రగా కనబడగానే "ఈ గడిలో క్వీన్ పెట్టకూడదు సార్" అని అప్పజెప్పాడు. ఆ గడి తప్పేమీ కాదు, ఇంకో ఆటలో అదే మంచి గడి కావచ్చు. అప్పుడు తాత గుర్తొచ్చి, "అప్పుడు ఏమనుకున్నావు?" అని అడిగాను. కాసేపు నేల చూసి, "అన్న వెనక నిలబడి చూస్తున్నాడు సార్. తొందరగా వెయ్యాలనిపించింది" అన్నాడు. వాళ్లన్న కూడా నా దగ్గరే నేర్చుకుంటాడు, బాగా ఆడతాడు. ఆ రోజు నుంచి ఆ పిల్లాడు ఆడేటప్పుడు వాళ్లన్నను వెనక నిలబడనివ్వడం లేదు. ఏ ఇంజన్ ఎంత లోతుకు వెళ్లినా ఆ అన్న దాకా వెళ్లలేదు.

పధ్నాలుగు ఆటలు

ఒంగోలు నుంచి వచ్చిన వారం, గత రెండేళ్లలో ఆడిన పెద్ద ఆటల స్కోరుషీట్లు బయటికి తీశాను. పధ్నాలుగు దొరికాయి. చాలావాటి పక్కన నా రాతలు ఉన్నాయి, కొన్నింటికి టైము అంకెలు మాత్రమే. ఈసారి ఇంజన్ గుర్తులు పట్టించుకోకుండా ఒకే విషయం చూశాను. నేనుగా పావుల మార్పిడికి దిగింది ఎక్కడెక్కడ? అప్పటికి నా పరిస్థితి ఏంటి?

తొమ్మిది ఆటల్లో ఒకటే కథ. అవతలివాళ్లు కొంచెం ఒత్తిడి పెంచగానే, లేదా వాళ్ల రేటింగ్ (ఆట బలానికి ఇచ్చే అంకె) నాకంటే బాగా ఎక్కువైతే, చేతికి అందిన మొదటి మార్పిడి చేసేశాను. మంత్రులు, గుర్రాలు, శకట్లు (బిషప్‌లు), ఏది దొరికితే అది. అన్నీ తొందరగా వేసినవే. ఆ తొమ్మిదింటిలో ఇంజన్ ఎర్ర గుర్తు పెట్టింది రెండింటికే. మిగతా ఏడింటిలో ఆ మార్పిడి తర్వాత అంకె ఎక్కడిదక్కడే ఉంది. ఒకచోట అదే మంచి ఎత్తని కూడా చూపించింది.

ఇంజన్ అంకె అంటే ఏంటో ఆడేవాళ్లందరికీ తెలుసు. అది సుమారుగా బంట్ల లెక్క. ఇకపై ఇద్దరూ సాధ్యమైనంత బాగా ఆడితే ఆట ఎటు మొగ్గుతుందో చెబుతుంది. సున్నా అని వస్తే సమానం. కానీ ఆ సున్నాను నిలబెట్టడానికి మనిషి ఇంకెంతసేపు కూర్చోవాలి, ఎన్ని ఎత్తులకు ఒకటే దారి ఉంటుంది, ఇవన్నీ ఆ అంకెలో ఉండవు. ఆ ఏడు ఆటల్లోనూ మార్పిడి తర్వాత నాకు మిగిలింది కాచుకునే పని. గెలిచే అవకాశాలు కూడా ఆ పావులతోనే బోర్డు దిగిపోయాయి. ఏడింటిలో నాలుగు ఓడిపోయాను, రెండు డ్రా, ఒకటి గెలిచాను. ఆ గెలిచిన ఆట పక్కన నేనే రాసుకున్న మాట చూస్తే బాధేసింది: "సింప్లిఫై చేశాను, మంచి నిర్ణయం." భయానికి పెట్టుకున్న గౌరవమైన పేరు అది. గెలిచిన ఆటలను మనం సరిగ్గా చూసుకోకపోవడం వల్ల వచ్చే నష్టం ఇదే. అలవాటు అక్కడ బహుమతి అందుకుంటుంది.

2024 డిసెంబరు 12న సింగపూర్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్ పధ్నాలుగో ఆట చూసినవాళ్లకు ఇది చదువుతుంటే ఒక ఎత్తు గుర్తొస్తుంది. స్కోరు చెరో ఆరున్నర. అప్పటి చాంపియన్ డింగ్ లిరెన్‌కు ఒక బంటు తక్కువ, కానీ ఏనుగు, శకటు ఉన్నాయి, ఓపిగ్గా ఆడితే డ్రా. యాభై అయిదో ఎత్తులో ఆయన ఏనుగును ఎఫ్2కి తెచ్చి మార్పిడికి పెట్టాడు. గుకేశ్ ఏనుగుల్ని మార్చి, వెంటనే శకటును డి5లో పెట్టాడు. మూలన ఎ8లో ఉన్న డింగ్ శకటుకు తప్పించుకునే దారి లేదు. అదీ మారిపోయింది, మిగిలిన బంట్ల ముగింపు తేలికగా గెలుపు. పద్దెనిమిదేళ్లకే గుకేశ్ ప్రపంచ చాంపియన్ అయ్యాడు. డింగ్ మనసులో అప్పుడు ఏముందో నేను చెప్పలేను, చెప్పే అర్హత కూడా లేదు. ఆయన ఆటకూ నా ఆటకూ పోలికే లేదు. కానీ ఇంజన్ సున్నా చూపిస్తున్న స్థితిలో, గంటలకొద్దీ కాచుకున్న మనిషి చెయ్యి మార్పిడి వైపు వెళ్లడం ఆ రోజు చూశాను. నా పధ్నాలుగు స్కోరుషీట్లు ముందేసుకున్నాక అది వేరేగా అర్థమైంది.

చెరువు పుస్తకం

నా ఉద్యోగం రొయ్యల చెరువుల మీద. తుమ్మలపెంట వైపు వనామి చెరువులకు టెక్నీషియన్‌గా తిరుగుతాను. ప్రతి చెరువుకూ ఒక పుస్తకం ఉంటుంది. తెల్లవారకముందు నీళ్లలో ఆక్సిజన్ ఎంత, పీహెచ్ ఎంత, ఎంత మేత వేశాం, చెక్ ట్రేలో (మేత తింటున్నాయో లేదో చూసే పళ్లెంలో) ఎంత మిగిలింది, ఏరేటర్లు (నీళ్లకు గాలి పట్టించే యంత్రాలు) ఎన్ని గంటలు తిరిగాయి, అన్నీ రాస్తారు. పంట పోయినప్పుడు అందరూ చివరి రోజు గురించే మాట్లాడతారు. "నిన్న రాత్రి కరెంటు పోయింది సార్, ఏరేటర్లు ఆగిపోయినై, తెల్లారేసరికి తేలినై." అది నిజమే. కానీ పుస్తకం వెనక్కి తిప్పుకుంటూ పోతే, అంతకు పదిహేను రోజుల ముందు నుంచి చెక్ ట్రేలో మేత మిగులుతోందని, అయినా మేత తగ్గించలేదని కనబడుతుంది. అడుగున కుళ్లి పేరుకుపోయిన మేత ఆక్సిజన్‌ను తినేస్తూ వచ్చింది. కరెంటు పోవడం ఆఖరి ఎత్తు మాత్రమే.

ఒంగోలు నుంచి వచ్చాక ఈ పని నేను రోజూ చెరువు గట్టు మీద చేస్తున్నదేనని తట్టింది. రైతును "మేత ఎందుకు తగ్గించలేదు?" అని అడిగితే మొదట జవాబు రాదు. నాలుగుసార్లు అడిగితే, "పక్క చెరువోడి రొయ్య కౌంటు బాగా వస్తా ఉంది సార్" అంటాడు. తప్పు మేతలో ఉందా, పక్క చెరువు మీద పెట్టిన చూపులో ఉందా?

నెల్లూరు స్నేహితుడి వాదన

నెల్లూరులో నాకో స్నేహితుడున్నాడు. దర్గామిట్టలో ఉంటాడు, నాకంటే బాగా ఆడతాడు. ఆయన తన ఆటలు ఎప్పుడూ తిరగేసి చూసుకోడు. రోజుకు ఇరవై పజిల్స్ చేస్తాడు, గొప్పవాళ్ల ఆటలు చూస్తాడు, అంతే. నేనిదంతా ఫోనులో చెబితే ఆయన అన్నది నాకు తేలిగ్గా కొట్టేయాలనిపించలేదు.

"నువ్వు నీ చెడ్డ ఆటలు నాలుగుసార్లు చదువుకుంటే నీకు చెడ్డ ఆటే బాగా గుర్తుంటది. అదే టైములో నాలుగు మంచి ఆటలు చూస్తే నాలుగు కొత్త సంగతులు తెలుస్తయ్. అయినా నువ్వు రాసుకునేది నిజమేనని గ్యారంటీ ఏంది? ఓడిపోయినోడు బస్సులో కూర్చుని రాసుకునేది సాకు కాదా?"

మొదటి మాటకు నా దగ్గర సగం జవాబే ఉంది. నాకు తెలియనివి నా ఆటల్లో దొరకవు, ఒప్పుకుంటాను. ఏనుగుల ముగింపు నేను పుస్తకాల్లోనే నేర్చుకున్నాను. నా ఆటలు ఎన్నిసార్లు చూసుకున్నా అది నాకు తట్టేది కాదు. పజిల్స్ వల్ల ఫోర్కులు (ఒకే పావుతో రెండింటి మీద దాడి), పిన్నులు (వెనకున్న పావు కోసం ముందుది కదలలేకపోవడం) చూడటం వచ్చింది. కానీ పజిల్‌లో ఇక్కడ ఏదో ఉందని ముందే తెలుసు. ఆటలో ఆ కబురు ఎవరూ తేరు. పైగా ఒంగోలులో నేను ఓడింది తెలియక కాదు. తెలిసింది తెలిసినట్టు ఆడలేక. దానికి మందు ఇంకో పుస్తకంలో ఉందని నేను అనుకోవడం లేదు.

రెండో మాట నన్ను చాలా రోజులు వేధించింది. నిజంగానే జ్ఞాపకం మనకు అనుకూలంగా సర్దుకుంటుంది. నా పాత రాతల్లో "ఇది చూశాను కానీ ప్రమాదమనిపించింది" అని రాసిన రెండు చోట్ల, టైము చూస్తే అసలు ఆలోచించే వ్యవధే లేదు. చూడలేదన్నమాట. చూశానని తర్వాత నన్ను నేను నమ్మించుకున్నాను. కాబట్టి ఆయన అన్నది నూటికి నూరుపాళ్లు కొట్టిపారేయలేను. నాకు దొరికిన ఆధారం గడియారం అంకెలు ఒక్కటే. నేను రాసే మాటకు ఆ అంకె ఒప్పుకోకపోతే మాటను కొట్టేస్తున్నాను. ఇంకొకటి, రాసేది అదే రోజు రాయాలి, ఇంజన్ తెరవక ముందు రాయాలి. ఒకసారి ఇంజన్ ఎత్తు కళ్లబడితే ఇక మన అసలు ఆలోచన తిరిగి రాదు. "అరె, నేనూ అదే అనుకున్నా" అనిపిస్తుంది. ఆ "అనుకున్నా" అప్పుడే పుట్టింది.

కోచ్ ఉంటే ఇదంతా ఎందుకనేవాళ్లూ ఉన్నారు. కోచ్ ఉండటమే మంచిది. కోనేరు హంపికి ఇంట్లోనే తండ్రి అశోక్ గారు గురువు. గుకేశ్‌ను విష్ణు ప్రసన్న చాలా కాలం ఇంజన్ల జోలికి పోనివ్వకుండా సొంత బుర్రతో ఆలోచింపజేశారు. అలా పక్కన కూర్చుని అడిగే మనిషి కావలిలో ఉద్యోగం చేసుకునే నలభై ఏళ్లవాడికి ఎక్కడ దొరుకుతాడు? నాకు దొరికినది ఆటలో అవతలివైపు కూర్చున్న మనిషి. ఆట అయ్యాక ఇద్దరూ బయట కూర్చుని మాట్లాడుకునే అలవాటు టోర్నమెంట్లలో తగ్గిపోతోంది. రౌండు అవగానే ఎవరి ఫోను వాళ్లు తీస్తున్నారు. అవతలి మనిషికి తెలిసినది ఇంజన్‌కు తెలియదు. "మీరు మార్చరనుకున్నా" అని చెప్పగలిగింది ఆ పాప ఒక్కతే.

ఇంజన్ లేకుండా పోయిన రెండేళ్లు

ఇంతా చదివి ఇంజన్ వద్దంటున్నానని ఎవరైనా అనుకుంటే నా తప్పే. దాన్ని మానేసి నేను నష్టపోయాను.

2019 నుంచి 2021 దాకా పట్టుదలగా నోటుపుస్తకం ఒక్కటే వాడాను. అందులో ఒక ఆట కింద, "గుర్రాన్ని ఎఫ్7 మీద బలి ఇచ్చి ఉంటే గెలుపు" అని రెండు గీతలు గీసి రాశాను. ఆ ఎత్తు వెయ్యనందుకు నన్ను నేను తిట్టుకున్నాను కూడా. తర్వాత నెల్లూరులో ఒక టోర్నమెంటులో దాదాపు అదే స్థితి వచ్చింది. సంతోషంగా గుర్రాన్ని ఇచ్చేశాను. అవతలాయన రాజుతో తీసుకుని, తర్వాత చెక్‌కు రాజును జి8లో పెట్టి కూర్చున్నాడు. దాడి అక్కడితో అయిపోయింది. నాకు గుర్రం లేదు. ఇంటికొచ్చి ఇంజన్‌లో పెడితే, పాత ఆటలోనూ అదే జవాబు. ఒక్క నిమిషం పని. రెండేళ్లు ఒక అబద్ధాన్ని గీతలు గీసి దాచుకున్నాను.

సోవియట్ ప్రపంచ చాంపియన్ బోత్విన్నిక్ ఈ ప్రమాదాన్ని ఎప్పుడో గుర్తించాడు. సొంత ఆటలను విశ్లేషించుకోవడమే కాదు, ఆ విశ్లేషణను అచ్చు వేయించాలనేవాడు. అచ్చయితే నలుగురూ చదివి తప్పులు పట్టుకుంటారు. 1957లో స్మిస్లోవ్ చేతిలో ఓడి మరుసటి ఏడాది, 1960లో తాల్ చేతిలో ఓడి 1961లో, రెండుసార్లూ కిరీటం తిరిగి తెచ్చుకున్నాడు. రెండోసారికి ఆయనకు 49 ఏళ్లు. ఆ రోజుల్లో నలుగురు పాఠకులు చేసే పనిని ఈ రోజు నాకు స్టాక్‌ఫిష్ ఉచితంగా చేసి పెడుతోంది. కాకపోతే అచ్చు వేయించడానికి ముందు బోత్విన్నిక్ సొంతంగా రాసేవాడు. నలుగురు తప్పు పట్టాలంటే ముందు మనదంటూ ఒక మాట ఉండాలి.

రేటింగ్ సంగతి

ఇంత చేస్తే రేటింగ్ పెరిగిందా అని అడుగుతారు. 2024 మార్చి 1న నా రేటింగ్ 1262 నుంచి 1557కి వెళ్లింది. ఆ నెల నేను ఒక్క బంటు కూడా కదపలేదు. 2000 లోపు ఉన్నవాళ్లందరికీ, 2000కు ఎంత తక్కువ ఉందో అందులో నలభై శాతం ఫిడే కలిపింది. అడుగు రేటింగ్‌ను 1400 చేసింది. ఆ తర్వాత నాది కొంచెం పైకి, కొంచెం కిందికి ఊగుతూనే ఉంది. కాబట్టి ఆ అంకెను సాక్ష్యానికి పిలవలేను, ఇటు పక్కకూ, అటు పక్కకూ. నా పద్ధతి పనిచేస్తోందని దానితో నిరూపించలేను. ఈ అనుమానం అనుమానంగానే ఉంది.

బ్లిట్జ్ ఆటల గురించి ఒక్క మాట. రాత్రి పూట వరసగా ఆడే మూడు నిమిషాల ఆటలను ఇలా చూసుకోవాలనుకోవడం దండగ. వాటిలో ఆలోచనే లేదు, రాయడానికి ఏముంటుంది? వారానికి ఒక్క నిదానమైన ఆట చాలు. నేను ఆదివారం రాత్రి లీచెస్‌లో 15 నిమిషాలు, ఎత్తుకు 10 సెకన్లు పెట్టి ఒకటి ఆడుతున్నాను. ఆడిన వెంటనే ముప్పావు గంట నోటుపుస్తకం, మర్నాడు సాయంత్రం ఇంజన్. ఆట ఎక్కడ మలుపు తిరిగిందనిపిస్తే అక్కడ, నేను ఏం కోరుకున్నాను, అవతలివాళ్లు ఏం చేస్తారని భయపడ్డాను, ఆ రెండే రాస్తున్నాను. రెండోది రాయడానికి ఎప్పుడూ ఎక్కువ సేపు పడుతోంది.

మొన్న ఆదివారం ఆటలో ఇరవై మూడో ఎత్తులో మంత్రుల మార్పిడి చేతికందింది. నా రాజు ముందు బంట్లు చెదిరిపోయి ఉన్నాయి, అవతలివాళ్ల గుర్రం ఎఫ్5లోకి దిగడానికి సిద్ధంగా ఉంది. చెయ్యి మౌస్ మీదకు వెళ్లింది. మార్చలేదు. గడియారంలో రెండు నిమిషాల పది సెకన్లు పోయాయి. మంత్రిని సి7కి తీశాను. నలభై ఒకటో ఎత్తులో ఓడిపోయాను, అదీ ఇంకో కారణంతో, టైము చాలక. పుస్తకంలో ఇరవై మూడో ఎత్తు పక్కన "భయమేసింది, కూర్చున్నాను" అని రాశాను. సోమవారం ఇంజన్ పెడితే ఆ రెండు దారులకూ ఒకటే అంకె వచ్చింది.